తుండుగుడ్డ కింద పన్నెండు టెన్సులు

అది 1931. కోవిల్‌పట్టిలో పగలు మిడిల్ స్కూలు ఉద్యోగం, సాయంత్రం మా ఇంటి అరుగు మీద పెద్దవాళ్ళకు ఇంగ్లీషు గ్రామరు. ఇదీ నా బతుకు. నా పద్ధతి ఒక్కటే, టెన్సు టేబుల్. ఒక క్రియను పట్టుకుని జరిగినది, జరుగుతున్నది, జరగబోయేది అని మూడు కాలాల్లో, ఒక్కో కాలాన్ని నాలుగు రూపాల్లో తిప్పితే పన్నెండు గళ్ళు. ఆ పన్నెండూ నోటికి వచ్చేదాకా వల్లె వేయించేవాణ్ణి. తప్పు చెప్పారో, అయిపోయారే! మీసాలున్న మగవాళ్ళని కూడా "మొద్దూ" అని నలుగురిలో తిట్టిన పాపం నాది.

ఆడి నెలలో, అంటే జూలై చివర, గురుసామి వచ్చాడు. విళాత్తికుళం వైపు నల్లరేగడి పల్లెలో, మాలాంటి తెలుగు ఇంట్లోనే పుట్టినవాడు. ముప్పై ఏళ్ళుంటాయి. విరుదునగర్ పత్తి మండీలో దళారి, సాయంత్రం రైలుకు నా అరుగుకు వచ్చేవాడు. ధరలు పడిపోయి, సంక్రాంతి వచ్చే తై నెలకల్లా మండీ మూసేస్తానని యజమాని చెప్పేశాడు. ఇంటి దగ్గర వానలు రెండేళ్ళుగా ముఖం చాటేశాయి. కోవిల్‌పట్టిలో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ ఫ్యాక్టరీలో శాంపిల్ గుమాస్తా పని ఒకటి ఖాళీగా ఉంది. వచ్చిన పత్తి మచ్చు చూసి దాని మంచిచెడ్డలు మేనేజరు దొరకు ఇంగ్లీషులో చెప్పాలి.

"ఈ పని దొరక్కుంటే సిలోను కొళుంబే గతి వాద్యారయ్యా," అన్నాడు. "తేయాకు తోటకు కూలోళ్ళను చేర్చే కంగాణి రోజూ పిలస్తా ఉండాడు. అయితే మా ఇంటామెకు ఇప్పుడు రెండో నెల. ఇడిసిపెట్టి ఎట్ల పోయేది, చెప్పండి?"

పలక చేతికిస్తే పన్నెండు గళ్ళూ ఒక్క తప్పు లేకుండా నింపేవాడు. నోరు తెరవమంటే మాత్రం చెమట పట్టేది. నాకు ఒళ్ళు మండేది.

"ఏమిరా, నోట్లో కుడుము పెట్టుకోనుండావా?"

"మనసులో వస్తాది సామీ. నాలిక్కాడికి వచ్చేతలికి బయం. తప్పైపోతే నగుతారని."

అక్కడ నవ్వేది ఎవరు? ముందు నేనే, నన్ను చూసి తక్కినవాళ్ళు. ఆ మాట అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

దీపావళి వచ్చే ఐప్పసి నెలలో ఏదో పని మీద విరుదునగర్ వెళ్ళి, దారిలో పత్తి పేటలోకి తొంగి చూశాను. గురుసామి ఒక సేటుతో బేరం చేస్తున్నాడు. మా వైపు పత్తి బేరం పైకి చెప్పరు. ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన తుండుగుడ్డ కప్పుతారు, వేళ్ళ కణుపులు నొక్కుతూ ధర మాట్లాడుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఒక్కరికీ తెలియదు. నా దగ్గర వణికిపోయే మనిషి అక్కడ రాజులా నిలబడ్డాడు! నొక్కుతున్నాడు, తల ఊపుతున్నాడు, మధ్యలో ఛలోక్తి కూడా విసురుతున్నాడు. వేలికి మూడు కణుపులు, నాలుగు వేళ్ళకు పన్నెండు. నాకు అక్కడే టెన్సు టేబుల్ కనిపించింది.

మర్నాడు అరుగు మీద తుండుగుడ్డ పరిచి, "చెయ్యి పెట్టు," అన్నాను. వేలికి ఒక రూపం, కణుపుకు ఒక కాలం. నేను నొక్కిన కణుపును బట్టి వాక్యం చెప్పాలి. మొదటిసారి గురుసామి గొంతు విన్నాను. ముక్కలు ముక్కలుగా, కానీ వచ్చింది. నెల తిరిగేసరికి ధారగా వచ్చేది. నేను లేనప్పుడు తన బొటనవేలితో తానే కణుపులు తడుముకుంటూ, గుడ్డ కప్పుకుని సాధన చేసేవాడు. "భలేవాడివిరా!" అని వీపు తట్టాను. అంత గొప్ప ఉపాయం కనిపెట్టానని ఊరంతా చెప్పుకున్నాను కూడా.

డిసెంబరులో, మార్గళి నెల రాగానే, ఫ్యాక్టరీలో ఓరల్ టెస్టు. అంటే ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడిగే పరీక్ష. తీసుకెళ్ళినవాణ్ణి కాబట్టి నన్ను గుమ్మం దగ్గర నిలబడనిచ్చారు. దొర అడిగిన మొదటి మూడు ప్రశ్నలకు గురుసామి చక్కగా చెప్పాడు. నాలుగోదానికి దొర కళ్ళు అతని ఒడిలోకి దిగాయి. అక్కడ తుండుగుడ్డ, దాని కింద కదులుతున్న చెయ్యి.

"ఆ గుడ్డలో ఏముంది?" అన్నాడు దొర ఇంగ్లీషులో.

గురుసామి బెదిరిపోయి గుడ్డ లాగేశాడు. అందులో ఏమీ లేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టమని, దొర అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. గురుసామికి మాట పడిపోయింది. గుడ్డ ఉంటే జవాబు వచ్చి, గుడ్డ తీస్తే ఆగిపోయిందంటే చీటీ చూసి చెబుతూ, దాన్ని ఎక్కడో దాచేశాడనే దొరకు అర్థమైంది. గురుసామి తల తిప్పి నా వైపు చూశాడు.

నేను చెప్పవలసింది ఒక్క మాట. అయ్యా, ఇతను మోసగాడు కాడు, వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు, అది నేర్పింది నేనే. నా స్కూల్లో పిల్లలు కూడా చెప్పగలిగిన ఇంగ్లీషు. ఆ వాక్యం నా మనసులో మొత్తం తయారైంది. కానీ దొర ముందు తప్పు దొర్లితే, ఇతనా ఇంగ్లీషు వాద్యారు అని నవ్వితే? పదిహేనేళ్ళు గ్రామరు చెప్పిన నా నోరు తెరుచుకోలేదు. దొర చెయ్యి ఊపాడు. ఇద్దరం బయటికి వచ్చేశాం.

దారిలో గురుసామి నన్ను ఒక్క మాట అనలేదు. పైగా, "మీరేమి చేస్తారు సామీ, నోరు నాది గదా," అని నన్నే ఓదార్చాడు. తై నెలలో కంగాణితో తూత్తుకుడి వెళ్ళి ఓడెక్కాడు.

వారం తర్వాత పలకరిద్దామని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. అతని భార్య పీట వేసి నీళ్ళు తెచ్చిపెట్టింది. నిండు నెలలకు దగ్గర పడుతున్న మనిషి, గోడకు ఆనుకుని నిలబడింది. మెల్లగా అడిగింది.

"దొర అడిగినప్పుడు మీరూ ఆడనే ఉంటిరంట గదా అయ్యా?"

నిష్ఠూరంగా అడగలేదు, తెలుసుకోవాలని అడిగింది. "ఉన్నానమ్మా," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ ఏడు నుంచి నా అరుగు మీద తిట్లు మానేశాను. టెన్సు టేబుల్ సగం కాగానే ఒక కొత్త అభ్యాసం పెట్టాను. ప్రతివాడూ లేచి నిలబడి, పక్కవాడి తరఫున దొరకు ఇంగ్లీషులో మనవి చెయ్యాలి. తప్పులు దొర్లినా ఆగకూడదు, ఎవరూ నవ్వకూడదు. దొరగా నేను కూర్చోను. ముందుగా నేనే లేచి నిలబడతాను, ఆ రోజు గుమ్మం దగ్గర చెప్పలేని వాక్యం చెబుతాను. ఇంగ్లీషు తప్పు ఉండదు. గొంతు మాత్రం ఇప్పటికీ వణుకుతుంది.