అలివేలు చదివినంత సేపు

బెంగళూరులో హోసూరు రోడ్డు మీద, బొమ్మసంద్ర ఫ్యాక్టరీలను ఆనుకుని ఉన్న ఒక ఆసుపత్రిలో రాచెల్ సిస్టర్‌ది ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. మోకాళ్ళు మొరాయించి వార్డులో నిలబడలేకపోయాక ఆమెను స్కానింగ్ గది ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. టోకెన్లు ఇస్తూ పడుంటుందిలే అన్నది కూర్చోబెట్టినవాళ్ళ ఉద్దేశం. ఆ బల్ల ఎదురుగా గోడకు ఒక టీవీ ఉంది. అందులో ఏం కనిపించాలో ఆరేళ్ళుగా రాచెలే నిర్ణయిస్తోంది. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు, ఎవరూ నేర్పనూ లేదు.

అంతకుముందు ఆ టీవీలో చైర్మన్ గారు రిబ్బన్ కత్తిరించే వీడియో ఒక్కటే తిరుగుతుండేది. "దినానికి రెండు నూర్ల సార్లు తెగుతాండె ఆ రిబ్బను. ఒక్కరికైనా ఒక్క రోగం తగ్గిందేమో అడుగు," అంటుంది రాచెల్. ఆమెది నంద్యాల వైపు. ఎవరినైనా తీసిపారేయాలంటే ఆమె గొంతు పెంచదు, తగ్గిస్తుంది.

ఆ టీవీ మీద ఆమె కన్ను పడటానికి కారణం శ్రీనివాసప్ప. ఆనేకల్‌లో మగ్గం నేసే పెద్దమనిషి. పొట్ట స్కానింగ్‌కు వచ్చాడు. ఆ స్కాన్‌కు మూత్రసంచి నిండుగా ఉండాలి, లేకపోతే లోపల ఏమీ కనిపించదు. మొదటి బస్సు పట్టుకుని వచ్చాడు, చెప్పినట్టే లీటరు నీళ్ళు తాగాడు, రెండు గంటలు కూర్చున్నాడు. తన వంతు దగ్గర పడుతోందనగా లేచి, మూత్రానికి వెళ్ళి, ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. డాక్టరు ముందు పడుకోబోతున్నాడు కదా, శుభ్రంగా ఉండటం మర్యాద అనుకున్నాడు. ఆయనే కాదు, ఆ వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ళు సగం మంది చేసేది అదే. మళ్ళీ లీటరు నీళ్ళు, మళ్ళీ వరస చివర. అలా మూడు రోజులు తిరిగాడు.

"మూడు దినాలు మగ్గం నిలిపినాడప్పా ఆయప్ప. ఒక్క మాట తిట్టలేదు. చెప్పులేసుకుని పోయినాడు. తిట్టింటే నాకు నిద్ర పట్టిండేది," అంది రాచెల్.

ఆ ఆదివారం ఆమె చర్చిలో తెర మీద పాటలు వేసే దానియేలును పట్టుకుని పవర్‌పాయింట్ ఎట్లా తెరవాలో అడిగింది. తెరవడం వరకే అతను చెప్పాడు. మిగతాదంతా తన తప్పుల దగ్గరే నేర్చుకుంది. మొదట పన్నెండు పేజీలు చేసి, బొమ్మలుగా మార్చి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి టీవీకి గుచ్చింది. టీవీ ఒకటో పేజీ చూపించి, వెంటనే పదోది చూపించింది. ఒకటోది "స్కాన్‌కు స్వాగతం". పదోది "మీ స్కాన్ అయిపోయింది, ఇంక ఇంటికి వెళ్ళవచ్చు". ఇద్దరు ముసలమ్మలు నిజంగానే లేచి వెళ్ళిపోయారు. ఒకటి తర్వాత రెండు వస్తుందన్న సంగతి ఆ యంత్రానికి తెలియదనీ, ఒకటితో మొదలయ్యేవన్నీ ముందు వేస్తుందనీ, సున్నా ఒకటి, సున్నా రెండు అని పేర్లు పెడితేనే దారికి వస్తుందనీ కనిపెట్టడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత మొత్తాన్ని వీడియోగా మార్చడం, ఒక్కో పేజీ ఎన్ని సెకన్లు నిలవాలో విడిగా చెప్పడం పట్టుబడింది.

కానీ ఎన్ని సెకన్లు? రాచెల్ తన పేజీని తాను ఆరు సెకన్లలో చదివేసింది. అదే పెట్టింది. ఒక రోజు చూస్తే, నేల తుడిచే అలివేలు మాపు పట్టుకుని టీవీ ముందు ఆగి ఉంది, పెదాలు కదులుతున్నాయి. పేజీ మారిపోయింది. అలివేలు మొహం చిన్నబోయింది, మళ్ళీ తుడవసాగింది.

అలివేలుకు నలభై ఏళ్ళు. ఆనేకల్‌లో పుట్టింది. ఇంట్లో తెలుగే, కానీ మూడు తరగతులు చదివింది కన్నడ బడిలో. మధ్యాహ్నం రాచెల్ ఆమెను దుప్పట్ల గదిలోకి తీసుకెళ్ళి, తలుపు మూసి, కన్నడ పేజీ ముందు పెట్టింది.

"చదువు. ఆత్రపడొద్దు."

"నవ్వకూడదక్కా."

"నవ్వితే నా పండ్లు రాలిపోనీ. చదువు."

స్కాన్ అయ్యేదాకా మూత్రానికి పోవద్దు, ఆపుకోలేకపోతే ముందు సిస్టర్‌కు చెప్పండి అని కన్నడంలో ఉన్న ఆ రెండు వాక్యాలను అలివేలు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఫోనులో ఇరవై రెండు సెకన్లు అయ్యాయి. రాచెల్ ఇరవై నాలుగు పెట్టింది. ఆ రెండు ఎందుకని అడిగితే, "ఊపిరి తీసుకోవద్దా?" అంది. అప్పటి నుంచి ఆ టీవీలోకి వెళ్ళే ప్రతి కన్నడ పేజీ ముందు దుప్పట్ల గదిలో అలివేలు నోట పడాల్సిందే. అలివేలు అడిగింది ఒక్కటే: తనకు చదువు అంతంత మాత్రమని నలుగురికీ తెలియకూడదు. రాచెల్ మాట ఇచ్చింది. శ్రీనివాసప్పలాగా వెనక్కి పోయేవాళ్ళు వారానికి ఒకరో ఇద్దరో మిగిలారు.

ఆరేళ్ళు అలా నడిచాక కౌశల్ వచ్చాడు.

కౌశల్ ఉద్యోగం పేరు బ్రాండ్ ఎక్స్‌పీరియన్స్ మేనేజర్. హైదరాబాద్ కుర్రాడు, ఇంకా ముప్పై నిండలేదు. ఆసుపత్రికి ఆత్మ లేదని మొదటి వారంలోనే కనిపెట్టాడు. ఆత్మను కోరమంగళలోని ఒక ఏజెన్సీ నుంచి తెప్పించాడు. అది టీవీలో ఒకదాని తర్వాత ఒకటి తిరిగే పదకొండు పేజీలుగా, లేత ఆకుపచ్చ రంగులో వచ్చింది.

"మేడమ్, నో అఫెన్స్. యాక్చువల్‌గా మీ స్లైడ్స్ స్కూల్ నోటీస్ బోర్డ్‌లా ఉన్నాయి," అన్నాడు రాచెల్ బల్ల మీద చెయ్యి ఆనించి. "ఈ రోజుల్లో టెక్స్ట్ ఎవరు చదువుతారు? ఫీల్ అవుతారు."

"మూత్రం పోవద్దని ఎట్ల ఫీల్ కావల్ల నాయనా?"

"అదే కదా మేడమ్ డిజైన్ అంటే!"

సోమవారానికి రాచెల్ పెన్‌డ్రైవ్ ఊడదీసి ఆమె చేతిలో పెట్టారు. టీవీ కొత్తగా వెలిగింది. కారు వాళ్ళే తీసుకెళ్ళి నిలిపే వాలే పార్కింగు, కింద దొరికే కాఫీ, ఫుల్ బాడీ ప్యాకేజీలు, చైర్మన్ గారి సందేశం నలభై సెకన్లు. వీటన్నిటి మధ్యలో స్కాన్ పేజీ కూడా ఉంది. ఒక నీటిబొట్టు పైనుంచి జారి, పగిలి, పువ్వవుతుంది. కింద పెద్ద ఇంగ్లీషు, దాని కింద చీమల బారులా ఒక కన్నడ వాక్యం. మొత్తం నాలుగు సెకన్లు. తెలుగు లేనే లేదు, అది రంగుల పొందికను చెడగొడుతుందట.

ఆ వారం పదకొండు మంది వెనక్కి పోయారు. రాచెల్ వాళ్ళ పేర్లు, ఊళ్ళు కాగితం మీద రాసుకుని మెడికల్ సూపరింటెండెంట్ డాక్టర్ ఫాతిమా గదికి వెళ్ళింది. డాక్టర్ ఫాతిమా మాటలు నమ్మే మనిషి కాదు. కౌశల్‌నూ వెంటబెట్టుకుని నేరుగా స్కానింగ్ గది ముందుకే వచ్చింది.

"ఫోర్ సెకండ్స్ అనేది గ్లోబల్ స్టాండర్డ్ డాక్టర్. అంతకన్నా ఎక్కువైతే వ్యూయర్ బోర్ ఫీలవుతాడు," అన్నాడు కౌశల్.

"చదవలేకపోతున్నారని సిస్టర్ అంటోంది. ఎవరు చదవలేకపోయారు, చూపించమ్మా," అంది డాక్టర్ ఫాతిమా.

మూలన మాపుతో అలివేలు ఉంది. ఆమెను పిలిస్తే టీవీ మళ్ళీ రాచెల్‌కు దక్కుతుంది. పిలిస్తే ఆరేళ్ళ మాట పోతుంది. "ఆ పక్క సూడగూడదని నేల సూస్తా నిలబడినా," అంది తర్వాత.

"సో, డేటా లేదు," అన్నాడు కౌశల్.

మాపు బకెట్‌లో పడిన చప్పుడైంది. అలివేలు కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి టీవీ ముందు నిలబడింది.

"నేను చదువుతానమ్మా. నాకు నిదానంగా వస్తాది."

నీటిబొట్టు జారింది. పువ్వైంది. "ని... మ్మ... జ... ల..." కన్నడ వాక్యం అక్కడున్నప్పుడే పేజీ పోయింది.

"ఉండండి, మళ్ళా వస్తాది," అంది అలివేలు.

అందరూ నిలబడ్డారు. వాలే పార్కింగు వచ్చింది. కాఫీ వచ్చింది. ప్యాకేజీలు ఒక్కోటి అరనిమిషం పైన నిలుస్తూ ఒక్కొక్కటే వచ్చాయి. చైర్మన్ గారు నలభై సెకన్లు మాట్లాడారు, డాక్టర్ ఫాతిమా ఆ నలభై సెకన్లూ కౌశల్ వైపే చూసింది. బెంచీల మీది వాళ్ళు కూడా మెడలు చాచారు. ఆరు నిమిషాలకు బొట్టు మళ్ళీ జారింది.

"స... మృ... ద్ధ... దే..."

"అప్పుడే పాయె," అన్నాడు బెంచీ మీది ఒక ముసలాయన, క్రికెట్ చూస్తున్నట్టు.

"ఇంకో రెండు సుట్లు తిరిగితే అయిపోతాది మేడమ్," అంది అలివేలు ధైర్యం చెబుతూ.

కౌశల్ ఫోన్ తీశాడు. డాక్టర్ ఫాతిమా, "లోపల పెట్టు. మనం వ్యూయర్లం," అంది. నాలుగు చుట్లూ పూర్తయ్యేదాకా ఎవరినీ కదలనివ్వలేదు.

"ఇప్పుడు చెప్పు అలివేలూ, ఏముంది అందులో?"

"నీళ్ళతో సమృద్ధిగా ఉండే మీ దేహమే మంచి చిత్రానికి రహస్యమంట మేడమ్." అలివేలు కాసేపు ఆలోచించింది. "మూత్రానికి పోవాల్నా వద్దా అన్నది మాత్రం రాయలేదు."

బెంచీలు గొల్లుమన్నాయి. తన చదువును చూసి కాదని అలివేలుకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆ తర్వాత అందరికన్నా గట్టిగా తనే నవ్వింది.

డాక్టర్ ఫాతిమా తీర్పు పొట్టిది. పది పేజీలూ ఆత్మతో సహా కౌశల్‌వి. ఈ ఒక్కటి సిస్టర్‌ది.

మర్నాడు కౌశల్ ల్యాప్‌టాప్ పట్టుకుని రాచెల్ బల్ల దగ్గరికి వచ్చాడు. కనీసం ఒక మూల ఆకుపచ్చ లోగో అయినా పెట్టుకోనివ్వమన్నాడు. అలివేలుతో చదివించిన సంగతిని "యూజర్ టెస్టింగ్" అనే పేరుతో అప్పటికే తన నివేదికలో తన పనుల కింద రాసుకున్నాడు కూడా. రాచెల్ ఆ లోగోను బొట్టుబిళ్ళంత చేసి పెట్టింది.

"అట్లే తెలుగు పేజీ కూడా ఒకసారి కొలవల్ల, ఇన్నేండ్లూ అందాజుగా పెట్టినా," అంది. "అలివేలుకు తెలుగు చదవను రాదు, నాకు మరీ బిరీన వస్తాది. నువ్వు చదువప్పా."

"నేనా మేడమ్? నాది ఇంగ్లీష్ మీడియం..."

"మాట్లాడేది తెలుగే గదా. చదువు."

కౌశల్ కాలర్ సర్దుకున్నాడు. "స్కా... న్ అ... అయ్... అయ్యే..." చెవులు ఎర్రబడ్డాయి. టెక్స్ట్ ఎవరు చదువుతారని అతను అంత గట్టిగా ఎందుకు అడిగాడో రాచెల్‌కు అప్పుడు తెలిసింది.

పక్కనే తుడుస్తున్న అలివేలు మాపు ఆపింది. "ఆత్రపడొద్దప్పా, ఒక్కో అచ్చరం చూసుకుంటా రా. ఈడ ఎవురూ నవ్వరు."

రాచెల్ నవ్వలేదు. ఫోను చూసుకుంది. ముప్పై ఒకటి. కంప్యూటర్‌లో ముప్పై మూడు అని కొట్టి, పెన్‌డ్రైవ్ తీసి టీవీకి గుచ్చింది.