వేళకాని వేళ మోగిన సంగు

మా ఆయనకు యాక్సిడెంట్ అయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వీధిలో ఆటో నడిపే సెల్వం. ఉదయం దీపం పెట్టి లేచేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చొక్కా మీద రక్తం.

“అక్కా, పయపడొద్దు. అన్న మాట్లాడతా ఉండాడు. కాలికే దెబ్బ. ఆస్పత్రిలో చేర్చి నేరుగా ఈడికే వచ్చినాను. చెప్పులేసుకో, పోదాం.”

“నిజంగా మాట్లాడతా ఉండాడా?”

“నా ఆటో డొక్కుదని దారంతా తిట్టినాడక్కా.”

ఆ మాటతో నాకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది.

ఇక ముందు రాసేది చదివి నన్ను దయ్యాలను నమ్మే మనిషి అనుకోకండి. రోజూ పూజ చేసుకుంటాను, అంతే. దయ్యాల మాట మా ఇంట్లో ఎవరైనా ఎత్తితే నేనే కోప్పడేదాన్ని. బడికి పోయి చదువుకున్నదాన్ని కాను, అక్షరాలు ఇంట్లోనే మా నాయన నేర్పాడు. కోర్టు మాటలు ఎక్కడైనా తప్పు రాస్తే మన్నించండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

బంగారు గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలో మాకు చిన్న బట్టల అంగడి ఉంది. ఆ రోజు ఒక పెళ్లివారికి చీరలు చూపించడానికి మా ఆయన కారులో కామసముద్రం బయలుదేరారు. దారిలో ఒక ఊరి పాల డైరీ ఇంకాస్త దూరం ఉందనగా, కారును ఎడమవైపు మట్టిలోకి దించి ఆపారు. ఆపిన మరుక్షణమే వెనక నుంచి ఒక ట్యాక్సీ వచ్చి గుద్దింది. కారు ముందుకు పోయి తోట కంచె రాతి స్తంభాలకు కొట్టుకుంది. ఆయన తొడ ఎముక విరిగింది. డైరీకి పాలక్యాన్లు తెచ్చిన సెల్వం చప్పుడు విని పరుగెత్తి, ఆయనను ఆటోలో వేసుకుని వచ్చాడు.

ఆస్పత్రిలో నేను అడిగిన మొదటి మాట, అక్కడెందుకు ఆపారని.

“సంగు మోగింది గదా. అందుకే దారి వదిలినాను,” అన్నారు, అందులో అడిగేదేముంది అన్నట్టు.

మత్తుమందు వల్ల అంటున్నారనుకున్నాను.

సంగు అంటే మా వైపు గని సైరన్. షిఫ్టు మారేటప్పుడల్లా మోగేది. వేళకాని వేళ మోగిందంటే లోపల ఏదో జరిగిందని అర్థం. అప్పుడు వీధిలో ఎవరున్నా పక్కకు తప్పుకుని దారి ఖాళీ చేయాలి, ఆదుకునే బండి వస్తుంది. గనిలో పనిచేసిన మా మామగారు తన పిల్లలకు నేర్పిన మొదటి బుద్ధి అదే. మా ఆయనకు అది ఒంట్లో ఇంకిపోయింది. కానీ గనులు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. సంగు నోరు మూసుకుని కూడా అన్నేళ్లే.

మా వీధిలో నేను అడగని ఇల్లు లేదు. ఎవరికీ ఏమీ వినిపించలేదు. డైరీ దగ్గర పాలు పోయడానికి వరుసలో నిలబడిన ఆడవాళ్లకూ వినిపించలేదు. సెల్వం తల అడ్డంగా ఊపాడు.

కాలిలో రాడ్ వేశారు. ఇంకో ఆపరేషన్ చేస్తే తప్ప సరిగ్గా నడవలేరని డాక్టర్ చెప్పారు. అంగడి మూతబడింది. పరిహారం వస్తేనే ఆ ఆపరేషన్. కేసు వేశాం.

ట్యాక్సీ ఇన్సూరెన్స్ వాళ్ల వాదన ఒకటే. మా ఆయన నడిరోడ్డులో ఉన్నట్టుండి బ్రేకు వేశారట, తప్పు ఆయనదట. గుద్దిన తరువాత రెండు బండ్లూ తోట కంచె దాకా పోయాయి కాబట్టి ముందు ఎక్కడున్నాయో చెప్పేవాళ్లు లేరు. డైరీ ఆడవాళ్లు చప్పుడయ్యాకే తిరిగి చూశారు.

మా వకీలు రామప్పగారు పెద్దాయన. మాకు విడమరిచి చెప్పారు.

“చూడమ్మా, యాక్సిడెంటుకొక న్యాయం. కూడలిలో పక్కనుంచి గుద్దుకుంటే ఎవరు ముందు జొరబడిరని చూస్తారు. ఎనక నుంచి గుద్దితే మామూలుగా తప్పు ఎనకోడిదే. కానీ ముందోడు ఊరికే బ్రేకు కొట్టినాడంటే వానికీ తప్పులో పాలు పెడతారు, పరిహారం కోస్తారు. ఆడ అంగడి లేదు, మనిషి లేడు. నీ మొగుడు ఎందుకు నిలిపినాడని అడిగితే జవాబు కావల్ల.”

“సంగు మోగింది సార్,” అన్నారు మా ఆయన.

“అప్పా, ఆ సంగును మాత్రం కోర్టుకు తేవద్దు. జడ్జి నిన్నూ నన్నూ కలిపి పిచ్చాస్పత్రికి పంపిస్తాడు. ఫోను వచ్చిందని చెప్పు.”

“రాలేదు గదా సార్.”

రామప్పగారు నా వైపు చూశారు. నేను కాగితాలు సర్దుకుని లేచాను. ఇంటికి వచ్చి దేవుడి ముందు కూర్చున్నాను. ఆయన చేత అబద్ధం చెప్పించమని అడగడానికి నోరు రాలేదు. ఆయన కాలు బాగుచేయమని మాత్రం అడిగాను.

బోనులో ఆయనను అవతలి వకీలు అదే అడిగాడు. ఆయన ఉన్నది చెప్పారు.

“మూతబడిన గనిలో సైరన్ ఎవరు మోగించినారు? దయ్యాలా?” అన్నాడు వకీలు. కోర్టులో నవ్వారు.

“ఎవరో నాకు తెలీదు సార్. విన్నది చెప్తాండాను.”

బయటికి వచ్చాక రామప్పగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, “సగం పోయినట్టే,” అన్నారు.

తరువాతి వాయిదాకు ఇన్సూరెన్స్ వాళ్లు తమ సాక్షిగా ట్యాక్సీ డ్రైవర్‌ను పిలిపించారు. పేరు మునిరాజు, శ్రీనివాసపురం వైపు వాడు. కోర్టుకు రావడం అదే మొదటిసారి. మా ఆయన సాక్ష్యం రోజు అతను లేడు. గనులు మూతపడ్డాక పుట్టినవాడు, సంగు అంటే ఏమిటో తెలియనివాడు.

“ముందు పోతున్న కారు సడన్‌గా బ్రేకు వేసింది, అవునా?” అని వాళ్ల వకీలే అడిగాడు.

మునిరాజు మా ఆయన చేతికర్ర వైపు చూశాడు.

“లేదు సార్. ఆ కారు మట్టిలో నిలిచి ఉండింది. నేనే నిద్ర తూగినాను. ఎనక నుంచి అంబులెన్స్ కూత పెద్దగా వినబడి లేచినాను. దారి ఇద్దామని ఎడమకు తిప్పినాను.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు రాస్తున్న కలం ఆపి తలెత్తారు. “కారు నిలిచి ఉండిందా?” అని మళ్లీ అడిగారు. “నిలిచే ఉండింది సార్,” అన్నాడు.

రామప్పగారు నా చెవిలో, “అమ్మా, నీ మొగుడు విన్నదే వీడూ విన్నాడు,” అన్నారు.

వరండాలో మునిరాజు మా ఆయన దగ్గరికి వచ్చి కాళ్లు పట్టుకోబోయాడు.

“ఇరిగిన కాలప్పా, ముట్టొద్దు,” అని మా ఆయన నవ్వారు.

“అన్నా, కండ్లు తెరిచేసరికి ఎదురుగా పాలక్యాన్లతో ఆడోళ్లు, వరుసగా రోడ్డు అంచు దాకా. ఆ కూత రాకుంటే నేరుగా వాళ్ల మీదికి పోయుందును. ఇంతకీ ఆ అంబులెన్స్ యాడికి పోయిందన్నా? నేను చూడనే లేదు.”

“అది అంబులెన్స్ కాదప్పా,” అన్నారు మా ఆయన.

ఆ ఉదయం ఆ దారిన అంబులెన్స్ ఏదీ పోలేదు. పోలీసులూ అదే చెప్పారు. ఉండుంటే సెల్వం ఆటో ఎందుకు?

తప్పంతా ట్యాక్సీదేనని తీర్పు వచ్చింది. పరిహారాన్ని ఇన్సూరెన్స్ వాళ్లే కట్టారు. ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు మా ఆయన కర్ర లేకుండా అంగడి మెట్లు ఎక్కుతుంటే లోపల నుంచి చూసి, ప్రతిరోజూ మనసులోనే చేతులు జోడిస్తాను.

ఒకరు సంగును చిన్నప్పటి నుంచి ఎరిగినవారు, ఒకరు దాని పేరు కూడా విననివాడు. ఇద్దరికీ ఒకే కూత ఒకేసారి ఎలా వినిపించింది? అంత దగ్గరలో ఉన్న ఆడవాళ్లకు ఎందుకు వినిపించలేదు? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. దేవుడి పని అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ అది కూడా నాకు తెలిసి చెప్పే మాట కాదు.

ఒకటి మాత్రం తెలుసు. ఆ రోజు కోర్టులో ఒక్క అబద్ధం చెప్పి ఉంటే మునిరాజు తన పని కాపాడుకునేవాడు. చెప్పలేదు. ఓనరు అతనికి మళ్లీ బండి ఇవ్వలేదు. ఇప్పుడు టమాటా మండీలో పెట్టెలు మోస్తున్నాడు, ఇంట్లో చంటిబిడ్డ ఉంది. మీరు ఏ దేవుడికి దీపం పెట్టినా, మునిరాజు అనే పేరు ఒకసారి తలుచుకోండి. అతని చేతికి మళ్లీ స్టీరింగ్ దొరకాలని నా కోసం ఒక మాట అడగండి.