పాస్టరు గారి స్టాప్‌వాచ్

పాత క్రోనోగ్రాఫ్ వాచీలంటే, అదే, స్టాప్‌వాచ్ కూడా కలిసి ఉండే చేతి గడియారాలంటే, నాకు పిచ్చి. అలాంటిది ఒకటి అమ్ముతారని తెలిసి హైదరాబాద్ నుంచి దెందులూరు దగ్గర ఓ పల్లెకు వెళ్ళాను. వాచీ చనిపోయిన పాస్టరు గారిది. ఆయన భార్య సరోజిని గారు, రిటైరైన టీచరు, దాన్ని చీర చెంగుతో తుడిచి నా చేతికిచ్చారు.

“గీతలు పడిపోయాయండీ. మీరొచ్చేలోగా పాలిష్ పెట్టించాల్సింది,” అన్నారు నొచ్చుకుంటూ.

“అమ్మో, వద్దండీ! పాలిష్ పెడితే విలువ పోతుంది. డయల్ మార్చకుండా ఉంటే మంచి ధర. పెట్టుకున్నవారి కథ ఏదైనా ఉంటే ఇంకా ఎక్కువ,” అన్నాను. నా నోరు ఊరుకుంటేగా!

“కథా? ఉందండీ!” ఆవిడ ముఖం వెలిగిపోయింది. “మావారు ప్రసంగం మొదలెడితే ఆపేవారు కాదు. ఇళ్ళల్లో అన్నాలు చల్లారిపోతున్నాయని సంఘం వాళ్ళే చందాలేసుకుని ఇది కొనిచ్చారు. అరగంట దాటకూడదని ఒప్పందమండీ. ఈయనేమో అరగంట కాగానే బటన్ నొక్కి, ముల్లు సున్నాకి తెచ్చి, మళ్ళీ మొదలెట్టేవారు!”

ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆవిడ కళ్ళు తుడుచుకుని, వాచీని నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నారు.

“ఏమీ అనుకోకండి. కథుంటే ధర పెరుగుతుందన్నారు కదా. నాకే పెరిగిపోయిందండీ. ఇక ఇవ్వలేను.”

అంత దూరం నుంచి వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపకూడదని భోజనం పెట్టి, రొయ్యల పచ్చడి సీసా ఇచ్చారు. దాని వెనక కథేమిటని మాత్రం నేను అడగలేదు.