మగ్గం మీద చీర, మిద్దె మీద అరటికాయ

నా నోరు ఊరుకోదు. లేపాక్షి పక్క పల్లెలో రాగులు, మేం చెనిక్కాయలనే వేరుశనగ పండించే ఇంట్లో పుట్టి, ధర్మవరంలో నేత ఇంటికి కోడలిగా వచ్చాను. మగ్గం దగ్గర చతికిలబడి కనిపించినవన్నిటి గురించీ అడిగేదాన్ని. "నువ్వు మాట్లాడతాంటే పోగుల లెక్క తప్పుతాండాది పాపా" అని మామ నవ్వేవాడు.

ఆ ఇంట్లో ఒక్క నియమం మాత్రం నాకు ఎంతకీ మింగుడుపడలేదు. మగ్గం మీద చీర ఉన్నన్నాళ్ళు ఇంట్లో వేపుళ్ళు చేయకూడదు. వంటకూ మగ్గానికీ ఉన్నది ఒకే గది. నూనె పొగ పట్టు మీదకు చేరుతుందని, నూనె చేతులు మరక చేస్తాయని భయం. బజ్జీ అయినా వడ అయినా చీర కోసి దించిన రోజే.

"సబ్బు పెట్టి చేతులు కడుక్కుంటే చాలదా అత్తా?"

"ఎంత కడిగినా ఆ దినమంతా నూనె చేతిలోనే ఉంటాది. పట్టుకు తెలుస్తాది."

మూడో నెలలో నాకు వేవిళ్ళు పట్టుకున్నాయి. అన్నం చూస్తే చాలు, వాంతయ్యేది. నీళ్ళు కూడా నిలవలేదు. ఇంకో రెండు రోజులు ఇట్లాగే ఉంటే ఆసుపత్రిలో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించాలంది డాక్టరమ్మ. మా ఆయన చీరలు తీసుకుని బెంగళూరు వెళ్ళి ఉన్నాడు.

పడుకుని ఫోనులో వంట వీడియోలు చూస్తున్నాను. ఎక్కడో సముద్రం మధ్య దీవిలో ఒకామె అరటికాయ ముక్కలు నూనెలో వేయించి, కొయ్య రోట్లో వెల్లుల్లితో కలిపి దంచుతోంది. అరే, ఇది మా అవ్వ వంట కదా! అవ్వ రాతి రోట్లో ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, వేయించిన చెనిక్కాయ గింజలు మెదిపి, వేగిన అరటికాయ ముక్కలు వేడిగా ఉండగానే అందులో వేసి దంచేది. సంగటి ముద్దలో గుంట చేసి పెట్టేది. ఆ దీవి ఆమెకు ఇది ఎవరు నేర్పారు? వాళ్ళు దేనితో తింటారు? అత్తకు ఫోను చూపించి అన్నీ అడిగేశాను. అడుగుతుంటేనే నోట్లో నీళ్ళూరాయి. పది రోజుల తర్వాత ఆకలేసింది. ఆ మాట చెప్పి సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

మామ మగ్గం వైపు చూశాడు. అది ఎవరిదో పెళ్ళి ముహూర్తం చీర. పెద్ద అంచు కాబట్టి నేతకు మామ, అత్త ఇద్దరూ కూర్చోవాలి. "శుక్రవారం దిగుతాది. నాలుగు దినాలు ఓర్చుకో పాపా" అన్నాడు.

అత్త లేచి మగ్గం మీద రెండు దుప్పట్లు కప్పింది. బాణలి, చిన్న రోలు, అరటికాయలు మిద్దె మీదకు చేర్చి, మూడు ఇటుకలు పెట్టి పొయ్యి వెలిగించింది.

"ఏమే, నువ్వు నూనెలో చెయ్యి పెడితే ఈ పొద్దు నాతో ఎవరు కూర్చుంటారు?" అని మామ కింద నుంచి అరిచాడు.

"ఈ పొద్దు ఎవరూ కూర్చోరు!"

పొగ నా వైపు రాకుండా పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాను. అత్త ఎన్నడూ చేయని వంట కాబట్టి చెప్పేది నేను, చేసేది ఆమె. "వేడి మీదనే దంచాలత్తా, చల్లారితే గట్టిపడతాది." ముక్క కాలుతున్నా ఆమె రోట్లోకి చేత్తోనే తోసింది. ఒక ముద్ద తిన్నాను. వాంతి అవుతుందేమోనని ఇద్దరం కాసేపు చూశాం. నిలిచింది. రెండోది తిన్నాను, అదీ నిలిచింది. అత్త కళ్ళు తుడుచుకుని, మిరపకాయ ఘాటు అంది.

కడుపు నిండగానే నా నోరు మళ్ళీ మొదలైంది.

"అత్తా, వేవిళ్ళప్పుడు నీకేం తినాలనిపించింది?"

"మిరపకాయ బజ్జీ."

"తింటివా?"

"చీర దిగినాక చేసిచ్చిరి. అప్పటికి కోరిక పాయ."

నేను పొయ్యి వైపు చూశాను. బాణలిలో నూనె ఇంకా కాగుతూనే ఉంది. ఎటూ ఆ రోజుకు అత్తవి నూనె చేతులే. పిట్టగోడ మీద నుంచి వంగి, శనగపిండి, నాలుగు పచ్చిమిరపకాయలు పైకి తెమ్మని మామను కేకేశాను.