మిగిలిన టేపులో సన్నాయి

మా జగన్నాథరావు చెవుల గురించి పాలకొల్లులో నా అంత బాగా ఇంకెవరూ చెప్పలేరు. వాటివల్ల బాధ పడింది నేనే. నా స్టీలు సామాన్ల కొట్టూ, ఆయన స్వరఝరి రికార్డింగ్ సెంటరూ ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నాయి. నా చేతిలోంచి గిన్నె జారిందంటే చాలు, "ప్రసాదూ, అంచు సొట్టపడింది, కొత్తదని అమ్మేయకు" అని అటువైపు నుంచి కేక వినపడేది. చూస్తే నిజంగానే సొట్ట ఉండేది. ఒళ్ళు మండిపోయేది నాకు.

కేసెట్ల రోజుల్లో పాటలు ఎక్కించుకోవడానికి భీమవరం నుంచి కూడా జనం ఆయన దగ్గరికి వచ్చేవారు. ఎక్కడైనా బుర్రుమని చిన్న శబ్దం వచ్చినా మళ్ళీ మొదట్నించి ఎక్కించేవాడు. టేపులో ఒక్క నిమిషం కూడా ఖాళీ వదిలేవాడు కాదు. అడిగిన పాటలు అయిపోతే, మిగిలిన చోట తనకు నచ్చిందేదో ఒకటి ఊరికే ఎక్కించి ఇచ్చేవాడు. ఖాళీ టేపు ఇవ్వడమంటే పెరుగు వెయ్యకుండా విస్తట్లోంచి లేపెయ్యడమేనని ఆయన అభిప్రాయం. ఎవరైనా వద్దంటే కోపం కూడా వచ్చేది మహానుభావుడికి.

కేసెట్లు పోయాక మిక్సీలు బాగుచేశాడు. ఐదారేళ్ళ క్రితం హైదరాబాదు నుంచి ఎవరో పాత స్పెక్ట్రమ్ కంప్యూటర్ ఒకటి బాగుచెయ్యమని పంపారు. రబ్బరు మీటలతో పలక సైజులో ఉంది. దాని ఆటలు కేసెట్లలో ఉంటాయని మాకు అప్పుడే తెలిసింది. పాత టీవీకి తగిలించి, టేపు రికార్డరు పెట్టి ప్లే నొక్కితే, చెవులు పగిలేలా కీచుమని గోల మొదలయ్యేది. తెర అంచుల్లో రంగు చారలు పరిగెత్తేవి. నాలుగు నిమిషాలకి గోల ఆగి, చిన్న బొమ్మ ఒకటి గెంతడం మొదలుపెట్టేది. ఆ గోలే ఆట. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి ఆ బొమ్మచేత గోడలు దూకిస్తూ భోజనం కూడా మరిచిపోయేవాడు. నెల తిరిగేసరికి, గోల వినగానే ఈ ఆట ఎక్కుతుందో లేదో చెప్పేసేవాడు. బెంగుళూరు నుంచి కూడా ఆయనకి ఆ డొక్కు యంత్రాలు వస్తుండేవి.

పోయిన ఆషాఢంలో అమ్మణ్ణి వచ్చింది. పెద్దవీధిలో బట్టల వ్యాపారం చేసినవారి అమ్మాయి, ఇప్పుడు యాభై ఏడేళ్ళు. ముప్పై ఆరేళ్ళ క్రితం ఆవిడ పెళ్ళికి నాలుగు రోజుల ముందు తమ్ముడు బుజ్జిబాబు ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. పంతొమ్మిదేళ్ళవాడు. నరసాపురం రేవుదాకా వెతికారు, పేపర్లో ఫొటో వేయించారు. ఈ రోజుకీ జాడ లేదు.

ఆవిడ కేసెట్ బల్ల మీద పెట్టింది. "దీన్ని ఫోనులోకి ఎక్కించి ఇవ్వండి. టేపు సాగిపోతోంది. మా తమ్ముడు వెళ్ళేముందు నా పెట్టెలో పెట్టాడండి. మొదట్లో కాస్త గోల ఉంటుంది, అది జరిపేస్తే తర్వాతంతా సన్నాయే. పెళ్ళికి ఉండలేననేమో, సన్నాయి ఇచ్చి వెళ్ళాడు. ఏటా పెళ్ళిరోజున వింటానండి. మా అమ్మ మాత్రం పోయేదాకా వాడి పేరెత్తనివ్వలేదు. ఒక్క మాట చెప్పకుండా పోయాడని వాడి మీద కోపం."

జగన్నాథరావు ప్లే నొక్కాడు. కీచుమంది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మా, ఇది గోల కాదండి. ఆట. మీ తమ్ముడికి కంప్యూటరు ఉండేదా?"

"మావయ్య మస్కట్ నుంచి తెచ్చాడండి. రబ్బరు మీటలది. ఎప్పుడూ దానిముందే కూర్చుని ఏదో కొట్టేవాడు. రేకుపెట్టెలో అలాగే ఉంది."

ఈలోగా గోల ఆగి, సన్నాయి మొదలైంది. రెండు క్షణాలు విన్నాడో లేదో, టేపు ఆపేశాడు. మొహం పాలిపోయింది. ఎండదెబ్బేమో అనుకుని మంచినీళ్ళిచ్చాను. "రేపు అది పట్టుకురండి" అని మాత్రం అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. ఆవిడ తెచ్చిన కంప్యూటరు లోపల దుమ్ము దులిపి, టేపు రికార్డరు హెడ్డు దూదితో తుడిచి, మొదలుపెట్టాడు. చారలు పరిగెత్తాయి. వీధిలో పడుకున్న కుక్క లేచి, మా కొట్లవైపు చూస్తూ వెనక్కి వెనక్కి నడిచిపోయింది. గోల ఆగగానే టేపు ఆపాడు. నల్లటి తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు వచ్చాయి.

"అక్కా, నేను దాక్కున్నాను. వెతుకు."

అమ్మణ్ణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కింద గీతలతో గీసిన ఇల్లు ఉంది. వీధి గది, హాలు, దేవుడి మందిరం, వంటిల్లు, అటక. ఎనిమిదేళ్ళ క్రితం పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టిన ఆ ఇల్లే. వీధి గదిలో రెండో కిటికీకి తలుపు కూడా లేదు. "అది తుఫానుకి ఊడిపోయిందండి, నాన్న పెట్టించలేదు" అని ఆవిడ గొణిగింది. జగన్నాథరావు మీటలు చూపించాడు. తెల్లచుక్క ఒకటి గదిలోకి నడిచింది. ఆ చుక్క ఆవిడ.

"ఇక్కడ లేను."

హాల్లోకి వెళ్ళింది. "ఇక్కడా లేను. నాన్న లెక్కలు చూసుకుంటున్నారు. చప్పుడు చెయ్యకు." వంటింట్లోకి వెళ్ళింది. "లేను. అమ్మ నిద్రపోతోంది. లేపకు." వాళ్ళమ్మ పోయి పదకొండేళ్ళయింది. నేను దెయ్యాలనీ భూతాలనీ నమ్మే రకం కాదు గానీ, అప్పుడు మాత్రం నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఆ తర్వాత అటక మీదికి వెళ్ళినప్పుడు వచ్చిన మాటలు ఇవి: "ఇంట్లో ఎక్కడా లేనక్కా. ఎక్కడికి వెళ్ళానో పెరట్లో రాసిపెట్టాను. రా. టేపు నడవనీ."

అమ్మణ్ణి లేచి నిలబడింది. "నడిపించండి, నడిపించండి!"

జగన్నాథరావు ప్లే నొక్కాడు. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత సన్నాయి.

కంప్యూటరు ఆ సన్నాయిని ఆట అనుకుని వింటోంది పాపం. తెర అంచుల్లో చారలు రాగంతోపాటు సాగుతున్నాయి, వణుకుతున్నాయి, తెగిపోతున్నాయి. ఏ అక్షరమూ రావడంలేదు. పట్టపగలు, వీధిలో ఆటోలు తిరుగుతుండగా, ఆ పెళ్ళి సన్నాయి వింటుంటే నాకు భయం వేసింది. టేపు చివరికంటా నడిచి టక్కుమని ఆగింది.

"పెరడేదండీ?" అంది అమ్మణ్ణి.

జగన్నాథరావు కేసెట్ బయటికి తీశాడు. తర్వాత నేల చూస్తూ చెప్పాడు.

"లేదమ్మా. ఆ సన్నాయి మీ తమ్ముడిది కాదండి. నాది. పాత టేపు నలిగిపోయింది, మంచి టేపు మీదికి ఎక్కించమని నా దగ్గరికే వచ్చాడు. ఆ గోల భరించలేక స్పీకరు కట్టేసి, శబ్దం చూపించే మీటరు ముల్లు చూస్తూ కూర్చున్నాను. ముల్లు పడిపోయింది. అయిపోయిందనుకున్నాను. అది మధ్యలో వదిలిన ఖాళీ అని, తర్వాత ఇంకో ముక్క ఉందని నాకేం తెలుసండి? మిగిలిన టేపు వృథా ఎందుకని అలవాటుగా సన్నాయి ఎక్కించాను. నిన్న వినగానే గుర్తుపట్టాను. ఆట మొదటి ముక్కతోనే అయిపోతే బాగుండునని రాత్రంతా దేవుడికి మొక్కుకున్నాను."

"ఆ పాత టేపు?"

"పారేయమన్నాడండి. పారేశాను. కొత్తది ఒకసారి చూసుకోవయ్యా అన్నాను. మీరు ఎక్కించాక చూసుకునేదేముందండీ అని, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ముప్పై ఆరేళ్ళు తమ్ముడి మాటని గోల అని జరిపేసి, ఎవరిదో సన్నాయి విని కళ్ళు తుడుచుకున్న మనిషి ఆవిడ. నాకు జగన్నాథరావు మీద మండిపోయింది, అంతకంటే ఎక్కువ జాలి వేసింది.

"అయితే వాడు చెప్పే వెళ్ళాడండీ" అంది ఆవిడ చివరికి. "చెప్పే వెళ్ళాడు. అది తెలీకుండానే అమ్మ పోయింది."

జగన్నాథరావు రెండు చేతులతో చెవులు మూసుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

కాసేపటికి ఆవిడే టేపు వెనక్కి తిప్పమంది. మొదటి భాగం మళ్ళీ ఎక్కింది, ఇల్లు వచ్చింది. ఈసారి ఆవిడ ఏ మీటా నొక్కలేదు. చుక్క వీధి గది గుమ్మంలోనే నిలబడిపోయింది. ముగ్గురం చూస్తూ ఉన్నాం. రెండు నిమిషాలు గడిచాయేమో, ఇందాక మేం చూడని అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నానురా" అని ఆవిడ పైకే అని, మీట నొక్కింది.

"అయితే వెతుకు" అని వచ్చింది. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, వీధి గదిలోంచి మళ్ళీ మొదలుపెట్టింది.