మూసుకోకూడని విండో

ఉరుమంటే మా మావయ్యగారికి ఎంత భయమో ఊరందరికీ తెలుసు. చిన్నప్పుడు చేలో గట్టు మీద నడుస్తుంటే, ముందు వెళ్తున్న వాళ్ళన్నయ్య మీద పిడుగు పడిందట. అప్పట్నించీ ఆకాశం కాస్త గొణిగితే చాలు, ఆయన ఇల్లంతా తిరిగి ప్లగ్గులు పీకేస్తారు. టీవీ, ఫ్రిజ్, చివరికి దోమల మందు కూడా. ఆత్రేయపురం దగ్గర మా కొబ్బరితోటల ఊళ్ళో ఈ అలవాటు లేని ఇల్లు లేదు. ఆయనది మాత్రం మరీ చాదస్తమని నేను చాటుగా నవ్వుకునేదాన్ని.

ఆ మధ్యాహ్నం మాత్రం నవ్వు రాలేదు.

పెళ్ళికి ముందు చేసిన ఉద్యోగం మానేసి, పాప బడికి వెళ్ళడం మొదలెట్టాక మళ్ళీ దొరకబుచ్చుకున్న పని నాది. ఇంటినుంచే చేస్తాను. ఇంకా పర్మనెంట్ చెయ్యలేదు. ఒక ఆసుపత్రివాళ్ళ లినక్స్ వర్చువల్ మెషీన్లలో, అంటే పెద్ద సర్వర్ల లోపల నడిచే కంప్యూటర్లలో, దేనిమీద ఏ సర్వీసు నడుస్తోందో, ఏది దేనితో మాట్లాడుతోందో ఒక సాఫ్ట్‌వేర్ తనంతట తనే కనిపెట్టాలి. అందుకు ప్రతి మెషీన్ మీదా దానికో అకౌంటు ఇవ్వాలి. సర్వాధికారాలున్న రూట్ అకౌంటు ఇవ్వకూడదు. మామూలు అకౌంటు ఇచ్చి, చూడ్డానికి పనికొచ్చే కమాండ్లు కొన్నింటిని మాత్రం రూట్ హోదాలో నడుపుకోనివ్వాలి. చుట్టాన్ని ఇంట్లోకి రానిచ్చి, బీరువా తాళాలు మాత్రం చేతికివ్వనట్టు.

ఆ అనుమతులు రాసే ఫైలుకి ప్రత్యేకంగా ఒక ఎడిటర్ ఉంది. తప్పుంటే ముందే చెబుతుంది. తొందరలో నేను మామూలు ఎడిటర్‌తో ఒక కొత్త ఫైలు రాసి సేవ్ చేశాను. ఎక్కడో ఒక కామా తప్పింది. తెర మీద తెరిచిన రెండో విండోలో పరీక్షించి చూస్తే, కొత్త అకౌంటుకే కాదు, ఆ మెషీన్ మీద ఎవరికీ రూట్ అధికారం దక్కడం లేదు. పాత మెషీన్ కదా, ఆ ఫైల్లో ఒక్క తప్పుంటే తలుపులన్నీ మూసేస్తుంది. అంతకుముందే రూట్‌గా తెరిచిపెట్టిన మొదటి విండో ఒక్కటే మిగిలింది. అది కూడా పోతే మెషీన్‌ని ఆపితే తప్ప బాగుచెయ్యలేం. ఆసుపత్రిలో ల్యాబ్ రిపోర్టులు ఇచ్చేది ఆ మెషీనే. ఆపాల్సొస్తే నా ఉద్యోగం ఉండదు.

తప్పు ఫైలు తీసెయ్యమని మొదటి విండోలో టైపు చేశాను. అక్షరాలు కనపడలేదు. నెట్ బిగుసుకుపోయింది. తప్పు నాదైతే నెట్‌వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు. కాసేపట్లో నెట్ తేరుకుంటే విండో బతుకుతుంది. రౌటర్ ఆగితే మాత్రం అంతే సంగతులు.

సరిగ్గా అప్పుడే ఉరిమింది.

మావయ్యగారు రానే వచ్చారు. టీవీ ప్లగ్గు పీకారు, ఫ్రిజ్ ప్లగ్గు పీకారు, రౌటర్ వైపు చెయ్యి చాచారు.

“వద్దండీ! అది ముట్టుకోకండి మావయ్యగారూ!” అని అరిచాను. ఆయన ముందు అంత గొంతు నేనెప్పుడూ ఎత్తలేదు.

“పిడుగు పడేలా ఉందమ్మా. ముందు నువ్వక్కణ్ణించి లే.”

“లేవలేనండీ. అది ఆగితే నా ఉద్యోగం పోతుందండీ. ఒక్క క్షణం ఆగండి, మీకు దణ్ణం పెడతాను.”

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన నా మొహంకేసి చూశారు, బయట మెరుపుకేసి చూశారు. గిరుక్కున తిరిగి వీధి గుమ్మంలోకి వెళ్ళిపోయారు. కోపమొచ్చిందనుకున్నాను. తిరిగొచ్చి, వంగి, నా కాళ్ళ దగ్గర ఆయన రబ్బరు చెప్పులు పెట్టారు. మా ఇంట్లో చెప్పులు గుమ్మం దాటి లోపలికి రావు.

“వేసుకో. కాళ్ళు గచ్చుకి ఆనకూడదు.”

“అయ్యో, మీ చెప్పులేంటండీ...”

“వేసుకోమన్నానా!”

వేసుకున్నాను. ఆయన వెళ్ళి రౌటర్ ప్లగ్గు పట్టుకుని నించున్నారు. “అయిందను, పీకేస్తాను,” అన్నారు. ఇంకో ఉరుము ఇల్లంతా అదరగొట్టింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నారు, చెయ్యి మాత్రం తియ్యలేదు. అంతవరకూ విండో పోతుందని భయపడ్డాను. ఇప్పుడు ఆ చెయ్యి చూస్తే ప్రాణం పోతున్నంత భయమేసింది. పీకెయ్యండని అందామనుకున్నాను. నోరు రాలేదు. అది నాకిప్పటికీ మింగుడుపడదు.

తెర మీద అక్షరాలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. ఫైలు పోయింది. రెండో విండోలో చూశాను. రూట్ అధికారం మళ్ళీ దక్కుతోంది.

“అయిందండీ!”

పీకేశారు. పీకి, గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు చూశాను. కిటికీలోంచి కొడుతున్న జల్లుకి ఆయన నించున్న చోటంతా తడిసిపోయింది. అంతసేపూ ఆ తడిలో ఉత్తకాళ్ళతోనే ఉన్నారు.

గబగబా చెప్పులు విప్పబోయాను.

“ఉంచుకో అమ్మా,” అన్నారాయన. “ఇంకా ఉరుముతోంది.”