జాలీ తీసింది ఎవరు

నా చిన్నప్పుడు పొందూరు దగ్గర మా తాతయ్యకి ధాన్యం మిల్లు ఉండేది. మాది వ్యాపారుల కుటుంబం. మిల్లు ఆడుతున్నంతసేపూ వెనకున్న మా ఇంట్లో గిన్నెలు కూడా సన్నగా అదిరేవి. ఇంజను చూసుకునే ఆయన్ని మేం మిల్లు మావ అనేవాళ్ళం. నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పిన మనిషి.

దసరాకి యంత్రాలన్నీ కడిగి, బొట్లు పెట్టి, దండలు వేసేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు బంతిపూల దండ నేనే గుచ్చాను. బెల్టు తిరిగే పెద్ద చక్రానికి బొట్టు పెట్టాలంటే దాని ముందున్న ఇనుప జాలీ విప్పాలి. పక్కనున్న చట్రానికి దండ కట్టాక, మళ్ళీ జాలీ బిగిస్తే నా దండ నలిగిపోతుందని పేచీ పెట్టాను. పూజకి వేసిన పువ్వు దానంతటది ఎండేదాకా తీయకూడదని మా ఇంట్లో పట్టింపు ఒకటి. తాతయ్య నవ్వి, అంతవరకూ జాలీ పక్కన పెట్టించాడు. పని మాత్రం మర్నాడే మొదలైంది.

మూడో రోజున మావ భుజం మీది తువ్వాలు బెల్టుకి చిక్కింది. దాన్ని లాగబోయిన కుడిచెయ్యి కూడా లోపలికి పోయింది. ఇంజను ఆపేలోగా రెండు వేళ్ళు పోయాయి. మావని శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నేను గుమ్మంలో నిలబడి, ఇదంతా నావల్లేనని ఎవరికీ చెప్పలేక కుమిలిపోయాను.

ఆ సాయంత్రమే మా చిన్నాన్న జాలీ బిగించేశాడు. కొన్నాళ్ళకి కార్మిక శాఖ అధికారి విచారణకు వచ్చేసరికి అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. పనివాడే కావాలని జాలీ తీసి చెయ్యి పెట్టాడని తేలితే యజమాని పరిహారం ఇవ్వక్కర్లేదట. ఆ మాట చిన్నాన్న ఇంట్లో నాలుగుసార్లు చెప్పాడు. మావకి ఇద్దరు చిన్నపిల్లలు, ఆ చెయ్యి తప్ప ఆధారం లేదు.

అధికారి ఎదుట మావ కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. "జాలీ నానే ఇప్పేసినాను బాబూ. పెద్దాయన తప్పేటీ నేదు," అన్నాడు. ఎవరూ నేర్పించింది కాదు. మా ఇంటి ఉప్పు తిన్నానని అతని బాధ. చిన్నాన్న ముఖం తేటపడింది.

తాతయ్య లేచి పానా తెచ్చాడు. అందరూ చూస్తుండగా బోల్టులన్నీ విప్పి, జాలీని తనే మోసుకొచ్చి అధికారి ముందు పెట్టాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, రొప్పు వచ్చేసింది.

"ఆడు నాకోసం అబద్దమాడతన్నాడయ్యా. ఇది ఇప్పించింది నాను. పువ్వులు ఎండేదాకా పెట్టొద్దని సెప్పింది నాను. అదే రాసుకోండి," అన్నాడు.

మావ నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తాతయ్య నోట నా పేరు రాలేదు.

అందరూ వెళ్ళాక ఆయన ఒళ్ళో తల పెట్టి, పేచీ పెట్టింది నేనే కదా అని ఏడ్చాను. "నువ్వడిగినావు. నాను ఇప్పించినాను. మిల్లు నాది గానీ నీది కాదు కదే," అన్నాడు.

అధికారి రాసిన దానితో కొన్నాళ్ళు మిల్లు మూతపడింది. తోటి వ్యాపారులు తాతయ్యకి మతిపోయిందన్నారు. చిన్నాన్న ఆర్నెల్లు ఆయనతో మాట్లాడలేదు. మావకి పరిహారం అందింది. మిల్లు తెరిచాక తాతయ్య అతన్ని కాటా దగ్గర కూర్చోబెట్టాడు, పాత జీతానికే.

ఇప్పుడు కొత్తవలసలో నాకు కారం, పిండి పట్టే చిన్న మిల్లు ఉంది. ముగ్గురు ఆడవాళ్ళు పనిచేస్తారు. మొన్నామధ్య ఒకామె కొంగు బెల్టుకి తగిలి చిరిగింది. అదృష్టం బాగుండి మనిషికేమీ కాలేదు. కొంగు దోపుకోవాలని తెలీదా అంటూ మా అబ్బాయి ఆమె మీదకి లేచాడు. నేను మిల్లు ఆపించి చూశాను. బెల్టుకి అడ్డంగా ఉండే రేకు వదులై నెల్లాళ్ళయింది. తర్వాత బిగిద్దామన్నది నేనే.

"ఆవిడ్ని కాదురా, నన్నడుగు," అన్నాను.

ముగ్గురు పనివాళ్ళ ముందు ఆ ఒక్క మాట అనడానికే నాకు ఎంతో కష్టమైంది. అధికారి ముందు, అంతమంది చూస్తుండగా తాతయ్య ఎలా అనగలిగాడో, ఈ వయసులోనూ నాకు అంతు చిక్కదు.